అర చుట్టు కదిలిన బంతి

ఫోను మోగింది ఇన్నిస్ జేబులో. కేక పెట్టింది మాత్రం రోనా.

"ఎత్తు, ఎత్తు! ఏదో కొత్త నంబరు!"

ఆమె చేతుల నిండా ఉప్పూ చేపపొలుసులూ. హాడాక్ చేపల్ని రెండేసి చొప్పున తోకల దగ్గర పురికొసతో జతకట్టి, పొగ పట్టించి అమ్మడానికి పొగగుంట మీద పెట్టే కర్రలకి వేలాడదీస్తోంది. ఇన్నిస్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని "అవును" అన్నాడు. మళ్ళీ "అవును" అన్నాడు. ఆపైన "అవునండీ, తప్పకుండా వస్తానండీ" అన్నాడు. మూడు వారాల కిందట పెళ్ళిలో పాదిరిగారి ముందు కూడా ఇతను ఇన్నిసార్లు అవునన్లేదు కదా అనుకుంది రోనా.

ఫోను పెట్టేసి అతను కాసేపు చేపలవంక చూస్తూ నిలబడ్డాడు.

"ఎవడికో మణికట్టు బెణికిందట. వెయిటింగ్ లిస్టులో తర్వాతి పేరు నాదే. రేపు మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఇన్వర్‌మారన్‌లో గోల్ఫ్ అర్హత పోటీ ఆడాలి."

రోనా అమాంతం వెళ్ళి అతని మెడ పట్టుకుని వేలాడింది. అతనికున్న ఒకే ఒక్క మంచి స్వెట్టర్ వీపున రెండు చేపచేతుల ముద్రలు పడ్డాయి. ఇద్దరూ అవి చూసి, ఎవడో దొంగ పట్టుబడ్డట్టు పడీపడీ నవ్వారు.

"అయిందా మీ సరసం?" అన్నాడు రోనా తండ్రి డగల్, పొగగుంట మీది తడి గోనెపట్టా సర్దుతూ. "అల్లుడూ, సంతోషమే. నా మోకాలు బాగుంటే నేనూ గెంతేవాణ్ణి. కానీ మనం అనుకున్న మాట గుర్తుందా?"

"గుర్తుంది మామగారూ."

"నోటితో అనరా బాబూ, నేనూ వింటాను."

"ఈ వేసవే ఆఖరు. చాంపియన్‌షిప్‌లోకి వెళ్తే ఇంకో ఏడాది ఆడతాను. వెళ్ళకపోతే గోల్ఫ్ కర్రలు అటక మీద పడేసి, సోమవారం ఉదయం ఐదింటికి ఇక్కడుంటాను."

"ఆఁ" అన్నాడు డగల్. అందులో కోపం లేదు. ఆయన మోకాలు నిజంగానే పోయింది, పొగగుంట చూసుకోడానికి మరో మనిషి లేడు. పెళ్ళికి ముందు ఆ మాట ఇచ్చింది ఇన్నిసే.

ఆ మాట తలుచుకుంటే రోనాకి గుండెల్లో రాయి పడేది. తను పుట్టిందే ఈ పొగలో. ఈ వాసన తనకి అమ్మ వాసన. కానీ ఇన్నిస్ చేతులు వేరు. అవి టీకప్పు పట్టుకున్నా కర్ర పట్టుకున్నట్టే ఉంటాయి. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఆరు వేసవులుగా, ఏటా ఒక్కో ఊళ్ళో జరిగే ఈ అర్హత పోటీ ఆడుతున్నాడు. ఒక్కో ఏడూ ఒకటో రెండో దెబ్బల తేడాతో వెనక్కి తిరిగాడు. ఆ చేతులు సోమవారం నుంచి పురికొస ముళ్ళు వేస్తే మనిషి ఏ ఫిర్యాదూ చెయ్యడు. రోజుకి కొంచెం చొప్పున ఎండిపోతాడు, అంతే. పక్కనే పడుకుని అది చూడ్డం తనవల్ల కాదనిపించింది ఆమెకి.

"కర్రల బ్యాగ్ నేనే మోస్తాను" అంది.

* * *

శనివారం దారిపొడుగునా రోనా మాట్లాడుతూనే ఉంది. సాసేజ్ రొట్టెలు వేడిగా ఉన్నాయంది, ఫ్లాస్కులో టీ కారలేదంది, పొలాల్లో గొర్రెపిల్లలకి తోకలున్నాయంది. ఇన్నిస్ అన్నింటికీ ఊఁ కొట్టాడు. ఒకచోట కారు ఆపి, దిగి, గోడ చాటున వాంతి చేసుకుని వచ్చాడు. రోనా చేతిరుమాలిచ్చి, "రొట్టె నాకు మిగిలిందిలే" అంది. అతను నవ్వాడు. నవ్వించగలిగినందుకు ఆమె లోలోపల గంతులేసింది.

ఇన్వర్‌మారన్‌లో నాలుగువందల ఏళ్ళుగా ఆడుతున్నారు. ఊరి చివరి ఇంటి గుమ్మం దాటితే మైదానమే. అటువైపు సముద్రం, ఇటువైపు రైలు కట్ట, మధ్యలో ఇసుకదిబ్బలు, వాటిమీద గాలికి తల దువ్వుకుంటున్నట్టు గడ్డి. చెట్టన్నది లేదు. చిన్నప్పుడు తాత వెంట ఇక్కడికి చాంపియన్‌షిప్ చూడ్డానికొచ్చి, ప్రేక్షకుల్ని ఆపే తాడు అవతల నిలబడి మూడురోజులు ఎండకీ వానకీ కదల్లేదట ఇన్నిస్. ఇప్పుడతను ఆ తాడు ఉండే చోటు దాటి నడుస్తుంటే, గుళ్ళోకి చెప్పులతో పోతున్నవాడిలా అడుగులు మెల్లగా పడ్డాయి.

డెబ్బైమంది ఆడుతున్నారు. చాంపియన్‌షిప్‌లో చోటు మొదటి నలుగురికే.

అతనికి జతపడ్డ ఆటగాడు స్ట్రూఅన్ అనే పోస్ట్‌మాన్, ఉత్తరాది మనిషి. ఆచారం ప్రకారం అతని లెక్క ఇన్నిస్ రాస్తాడు, ఇన్నిస్ లెక్క అతను రాస్తాడు. కార్డులు మార్చుకుంటూనే స్ట్రూఅన్ రోనావంక చూసి కన్నుగీటాడు.

"ఏమ్మా, కొత్త పెళ్ళికూతురా? బ్యాగ్ మోయించడానికే చేసుకున్నాడా నిన్ను?"

"జీతం లేకుండా మోసేవాళ్ళు దొరకలేదట" అంది రోనా.

"మా ఆవిడ నన్ను మోయడమే మానేసింది, ఇంక బ్యాగొకటా!"

మొదటి దెబ్బకి ఇన్నిస్ చేతులు వణకడం రోనాకి కనిపించింది. మూడో గుంత జెండా దగ్గరకొచ్చేసరికి వణుకు పోయింది. గాలి సముద్రం వైపునుంచి పక్కవాటుగా కొడుతోంది. ఆ గాలిలో బంతిని ఎత్తి కొడితే పోయినట్టే. ఇన్నిస్ దాన్ని నేలబారుగా, పిచ్చుక ఎగిరినట్టు పంపుతున్నాడు. బంతి దిబ్బల వాలుల్ని పట్టుకుని పాక్కుంటూ వెళ్ళి జెండా దగ్గర ఆగుతోంది. ఏడో చోట 'పాదిరి గొంతు' అనే నిలువెత్తు ఇసుకగుంటలో స్ట్రూఅన్ బంతి పడింది. నాలుగు దెబ్బలకీ బయటికి రాలేదు.

"మీరు పదండి నాయనా" అన్నాడు లోపలినుంచి. "వచ్చే ఏడాదికి బయటికొస్తా."

ఇన్నిస్ నవ్వాడు. రోనా నవ్వలేదు. ఆమె లెక్కపెడుతోంది. అక్కడ అందరూ అనుకుంటున్న మాట ఒకటే. ఈ గాలికి పద్దెనిమిది గుంతలూ డెబ్బై దెబ్బల్లో ముగిస్తే ఆశ, అరవై తొమ్మిదైతే ఖాయం. ప్రతి దెబ్బకీ ఊపిరి బిగబట్టి, బంతి ఆగాక వదులుతోంది. పదమూడో జెండా దాటేసరికి ఆమెకి తల తిరిగింది. అప్పటికి ఇన్నిస్ డెబ్బైకి సరిపడా ఆడుతున్నాడు.

దేవుడా, నాకింకేం ఇవ్వకు. ఇదొక్కటి ఇవ్వు. ఇల్లొద్దు, పిల్లల సంగతి తర్వాత చూద్దాం, ఇదొక్కటివ్వు.

* * *

పద్నాలుగో దానికి ఇన్నిస్ మొదటి దెబ్బ ఎడమకి పోయింది. బంతి దిబ్బ అంచున మోకాలెత్తు గడ్డిలో పడింది. స్ట్రూఅన్ బంతి అటు కుడివైపు పసుపుపచ్చ ముళ్ళపొదల్లోకి పోయింది. అతను తిట్టుకుంటూ అటు వెళ్ళాడు. రోనా ముందు పరిగెత్తి గడ్డిలో వెతికింది. బంతి మీద ఇన్నిస్ పెట్టుకునే గుర్తు రెండు నీలిచుక్కలు. ఆ చుక్కలు కనిపించగానే ఆమె ప్రాణం లేచొచ్చింది.

"దొరికింది! ఇదిగో!"

"అక్కడే ఉండు, కదలకు" అని దూరంనుంచే అరిచి, ఇన్నిస్ బంతి దగ్గరికి రాకుండా నేరుగా దిబ్బ ఎక్కాడు. అవతల జెండా ఎక్కడుందో చూడాలి కదా.

బంతి పెద్ద గడ్డిదుబ్బు మొదట్లో, వేళ్ళ మధ్య కూరుకుని ఉంది. సగమే కనిపిస్తోంది. రోనా భుజం లాగేస్తుంటే బ్యాగ్ దించింది. ఆ బ్యాగ్‌కి రెండు సన్నటి కాళ్ళుంటాయి. బంతికి రెండంగల దూరంలో దించమని ఇన్నిస్ వందసార్లు చెప్పాడు. ఆమె ఒక అంగ దూరంలో దించింది. గాలి ఒక్కసారి విసిరింది. బ్యాగ్ కాలు ఇసుకలో జారి, దుబ్బు మీద పడింది. గడ్డి వంగింది. వేళ్ళమధ్యనుంచి బంతి లేచి అర చుట్టు తిరిగి, పక్కనే అణగిన గడ్డిమీద కూర్చుంది. చాప పరిచి కూర్చోబెట్టినట్టు.

నీలిచుక్కలు ఇప్పుడు నేరుగా పైకి తిరిగి ఉన్నాయి.

రోనా బ్యాగ్ లేపి నిలబెట్టింది. చుట్టూ చూసింది. ఇన్నిస్ దిబ్బమీద వీపు ఇటు పెట్టి ఉన్నాడు. స్ట్రూఅన్ పొదల్లో ఉన్నాడు. భరతపక్షి ఒకటి నెత్తిమీద ఎక్కడో పాడుతోంది.

చెప్పాలి. కదిలింది అని చెప్పాలి. కదిపింది తనైనా శిక్ష ఆటగాడికే. ఒక దెబ్బ కలుపుతారు. బంతి మళ్ళీ ఆ వేళ్ళ మధ్య పెట్టాలి. అక్కణ్ణుంచి ఎన్ని దెబ్బలకి బయటికొస్తుందో ఎవరికి తెలుసు?

ఇన్నిస్ దిగి వస్తున్నాడు. కళ్ళలో వెలుగు.

"ముందుకి కుదరదేమో అనుకున్నా రోనీ. కానీ జెండా కుడిపక్కన ఉంది, దారుంది" అన్నాడు. బంతివంక చూశాడు. వంగి చుక్కలు చూసుకున్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఎంత బాగా కూర్చుందో చూడు! ఈ చెత్తలో ఇలా ఆగిందంటే మన రోజే ఇది. ఏడో నంబరు ఇవ్వు."

రోనా నోరు తెరిచింది. చెయ్యి మాత్రం బ్యాగ్‌లోకి వెళ్ళి ఏడో నంబరు కర్ర తీసి ఇచ్చింది.

అతను కొట్టాడు. అంత అందంగా కొట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

* * *

ఆ తర్వాతి నాలుగూ ఆమె ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు చెబుదాం అనుకుంటుంది. ఇతని చేతులు మళ్ళీ వణుకుతాయి, ఈ దెబ్బ అయ్యాక చెబుదాం అనుకుంటుంది. పదహారో చోట ఇన్నిస్ ఇరవై అడుగుల దూరంనుంచి బంతి దొర్లించాడు. అది గుంత అంచున ఒక్క క్షణం ఆలోచించి లోపలికి పడింది. ఒక దెబ్బ ఆదా అయింది. స్ట్రూఅన్ టోపీ తీసి గాల్లోకి ఎగరేశాడు.

"ఒరేయ్, నువ్వు మనిషివేనా! నీ పక్కన ఆడానని మనవలకి చెప్పుకుంటా. పెళ్ళికూతురా, ఏంటలా ఉన్నావ్? ఏడుపా?"

"గాలికి" అంది రోనా.

ఇన్నిస్ ఆమె దగ్గరికొచ్చి, ఎవరూ చూడకుండా చిటికెనవేలు చిటికెనవేలికి మెలేశాడు. ఇంటి దగ్గర, వీధిలో, ఎక్కడైనా అతనలా చేస్తే ఆమెకి రోజంతా పండగే. ఇప్పుడు ఆ వేలు నిప్పులా కాలింది.

నడుస్తూ లెక్క వేసుకుంది. ఇలాగే ముగిస్తే అరవై తొమ్మిది. ఒకటి కలిపితే డెబ్బై. డెబ్బై అయినా పోయిందేం లేదు. కార్డు మీద సంతకం పెట్టే ముందు చెబుతాను. ఒకటి పోతుంది, పోనీ. ఆ లెక్కని పట్టుకుని, మునిగిపోయేవాడు తెప్ప పట్టుకున్నట్టు, పద్దెనిమిదో జెండా దాకా వచ్చింది.

అరవై తొమ్మిది.

మైదానం పక్క గోడ దగ్గర జనం చప్పట్లు కొట్టారు. పెద్ద బోర్డు మీద ముందే ముగించినవాళ్ళలో మొదటి నలుగురి అంకెలు కనిపిస్తున్నాయి: అరవై ఆరు, అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్బై. వెనక ఇంకెవరూ లేరు, వీళ్ళదే ఆఖరి జత. డెబ్బై కొట్టిన కుర్రాడు గోడమీద బూట్లు విప్పేసి కూర్చుని, ఇన్నిస్‌వంక చూసి తల వంచుకున్నాడు. ఇన్నిస్ డెబ్బై అయితే వాడితో ఈ సాయంత్రమే మళ్ళీ పోటీ. ఆశ ఉంది. ఉందన్నమాట. రోనా ఆ బోర్డుకేసి చూసి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

లెక్కలు సరిచూసే చెక్క గదిలో మిసెస్ లెక్కీ అనే పెద్దావిడ కళ్ళద్దాలు ముక్కుచివరికి జార్చుకుని కూర్చుంది. స్ట్రూఅన్ కార్డు ఇచ్చాడు. ఇన్నిస్ ఒక్కొక్క అంకే వేలు పెట్టి చదువుకున్నాడు. పెన్ను తీశాడు.

"ఆగు" అంది రోనా.

గదిలో ముగ్గురూ ఆమెవంక చూశారు.

"పద్నాలుగో దాంట్లో బంతి కదిలింది. నేనే. బ్యాగ్ కాలు జారింది. అప్పుడు నువ్వు దిబ్బమీద ఉన్నావు. గడ్డిలోంచి పక్కకొచ్చింది."

ఇన్నిస్ పెన్ను అలాగే పట్టుకుని ఉన్నాడు. "ఎంత?"

"అర చుట్టు."

"అర చుట్టైనా కదలడమే కదమ్మా" అంది మిసెస్ లెక్కీ మెల్లగా. "మళ్ళీ మొదటి చోట పెట్టారా?"

"లేదండీ. నేను చెప్పలేదు. అతనికి తెలీదు. ఉన్నచోటునుంచే కొట్టాడు." రోనా కార్డుకేసి చూపించింది. "ఒకటి కలపాలి కదా. డెబ్బై."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "కొట్టకముందు చెప్పి, బంతి దాని చోట పెట్టి ఉంటే ఒకటే. కదిలిన చోటునుంచి కొట్టేశాడు గనక రెండు. నాకూ బాధగానే ఉంది. డెబ్బై ఒకటి."

రోనా ఆ అంకె వింది గానీ అది బుర్రకెక్కలేదు. డెబ్బై ఒకటి. బోర్డు మీద డెబ్బై. బూట్లు విప్పిన కుర్రాడు.

"అదేమిటండీ" అంది. "అది నాకు తెలియదు. ఒకటే అనుకున్నా. నా తప్పు కదండీ, అతనిది కాదు కదా. నేను కదిపాను, నేను దాచాను. అతన్నేం చెయ్యకండి. నాకేదైనా... నన్ను పంపెయ్యండి, ఇంకెప్పుడూ రానివ్వకండి..."

"రోనీ" అన్నాడు ఇన్నిస్. "చాలు."

కార్డు మీద పద్నాలుగో దాని ఎదుట ఉన్న నాలుగు కొట్టేసి ఆరు రాశాడు. సంతకం పెట్టాడు. స్ట్రూఅన్ కూడా పెట్టి, టోపీ చేతుల్లో నలుపుతూ, "నేను పొదల్లో ఉన్నాను బాబూ, ఏమీ చూళ్ళేదు. చూసుంటే అప్పుడే అరిచేవాణ్ణి" అన్నాడు. జోకు వెయ్యబోయి మానేసి, ఇన్నిస్ భుజం తట్టి బయటికెళ్ళిపోయాడు.

* * *

సముద్రపు గోడమీద ఇద్దరూ కూర్చున్నారు. ఆటుకి నీళ్ళు వెనక్కి పోయి, తడి ఇసుక మెరుస్తోంది. ఇన్నిస్ కర్రలన్నీ ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి బ్యాగ్‌లో పెడుతున్నాడు. రోనా ఆ చేతులవైపు చూడలేకపోయింది.

"ఏదో ఒకటి అను" అంది. "తిట్టు."

"చెప్పినందుకు తిట్టను. చెప్పకుండా సంతకం పెట్టించి ఉంటే నిన్ను..." ఆగాడు. తర్వాత గొంతు పగిలింది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు? నేను పక్కనే ఉన్నా కదా! కర్ర ఇచ్చావు నా చేతికి! ఒక్క మాట, రోనా. నోట్లోంచి ఒక్క మాట."

"నీ మొహం చూశాక రాలేదు."

"నా మొహమా!"

"అంత సంతోషంగా ఉన్నావు."

అతను కర్ర గట్టిగా గోడకేసి కొట్టబోయి, ఆపుకుని, తుడిచి లోపల పెట్టాడు. "రెండని ముందే తెలిసుంటే చెప్పేదానివా?"

రోనాకి ఇక అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు. "తెలీదు" అంది. "చెప్పేదాన్నని అనుకోవాలనుంది."

అతను తల ఊపాడు. ఆ జవాబు అతనికి నచ్చిందో, ఇంకా లోతుగా గుచ్చుకుందో ఆమెకి అర్థం కాలేదు.

ఫోను మోగింది. డగల్. ఇన్నిసే ఎత్తాడు.

"ఒక్క దెబ్బ తేడాతో పోయింది మామగారూ... అవును, ఒక్కటే... లేదు, ఎవరి తప్పూ కాదు, గాలి... సోమవారం ఐదింటికి. వస్తాను." అవతల ఏదో అన్నాడు డగల్. ఇన్నిస్ పెదవి వంకర తిరిగింది. "పొడుగు ఏప్రన్ కుట్టించాలంటున్నారు మీ నాన్న. తనది నాకు మోకాళ్ళ దాకానే వస్తుందట."

రోనాకి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఏడుపైంది. ఆపుకోవడం చేతకాలేదు. గోడమీద ముడుచుకుని, మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నిస్ దగ్గరికి జరగలేదు, దూరంగానూ వెళ్ళలేదు. మధ్యలో బ్యాగ్ ఉంది. ఆమె ఏడుపు తగ్గేదాకా అతను మైదానం వైపు చూస్తూనే ఉన్నాడు. బూట్లు విప్పిన కుర్రాడి చుట్టూ ఎవరో చేరి కేకలు పెడుతున్నారు. మైదానం పనివాళ్ళు జెండాలు ఒక్కొక్కటే పీకి బండిలో వేస్తున్నారు.

ఊళ్ళో ముసలావిడ ఒకతె కుక్కని పట్టుకుని అటుగా వచ్చి, బండివాళ్ళని గట్టిగా పలకరించింది. "ఏమర్రా, రేపు మాకు వదిలేస్తున్నారా లేదా? ఆదివారం నాడు కూడా మా బ్రాండీని ఈ గోడ దగ్గరే కట్టెయ్యమంటారా?"

"రేపంతా మీదే అమ్మా. ఆట లేదు. కుక్కలు, పిల్లలు, ఎవరైనా తిరగొచ్చు."

ఇన్నిస్ తల తిప్పి ఆ మాట విన్నాడు. కాసేపటికి బ్యాగ్ మూతి బిగించాడు.

"రోనా."

"ఊఁ."

"ఆ బంతి మొదట ఎక్కడుందో నేను చూళ్ళేదు. నువ్వొక్కదానివే చూశావు."

"గడ్డిదుబ్బులో. వేళ్ళ మధ్య."

"ఎంత లోతు?"

"సగం కనిపించేది. సగం కూడా కాదేమో."

"అలా చెబితే నాకు తెలీదు." అతను మొదటిసారి ఆమెవైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఆటకి ముందు కర్రలు ఎంచుకునేటప్పటి గొంతు. "రాత్రంతా అదే కొడుతూ ఉంటాను మంచంలో. ఒకసారి బయటికొస్తుంది, ఒకసారి రాదు. అలా బతకలేను. రేపు పొద్దున ఆరింటికల్లా బయల్దేరదాం. ఇక్కడ ఆట ఉండదు, మనల్నెవరూ అడగరు. పద్నాలుగో దాని దగ్గరికి తీసుకెళ్ళి, అది ఎక్కడుందో నీ చేత్తో పెట్టి చూపించు. కొట్టన్లే, ఆదివారం. ఊరికే వంగి చూస్తాను. అక్కణ్ణుంచి నావల్ల అయ్యేదో కాదో నాకు తెలియాలి."